నాలుగు వేల కంప్యూటర్లలో ఒక పొగగది

ట్రాస్క్ కోవ్, నోవాస్కోషియా
జనవరి 9

ఆర్డిత్ అక్కకు,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కాగితం తీశాను. పెన్నులో ఇంకు చలికి గడ్డకట్టింది. దాన్ని పొయ్యి దగ్గర పెట్టి, అది కరిగేలోగా కోపం తగ్గితే మానేద్దామని కూర్చున్నాను. ఇంకు కరిగింది.

నిన్న మస్క్‌రాట్ వాళ్ళ పేజీలో నీ నోటీసు చూశాను. ‘లిబ్‌స్కల్పిన్ లైబ్రరీలోని చిరునామా తప్పును మార్చి 15 లోపు దిద్దని పక్షంలో మస్క్‌రాట్ కొత్త విడుదల నుంచి దానిని తొలగిస్తాము. ఎ. వీబ్.’ ఎ. వీబ్ అట! నాలుగేళ్ళవాణ్ణి నన్ను మంచుబండి మీద కూర్చోబెట్టి, కొండమీంచి తోసేసి, ఆ తర్వాత ‘గట్టిగా పట్టుకోరా’ అని అరిచిన మనిషి ఇవాళ ఎ. వీబ్ అయిపోయింది. ఊరికే పంచిపెట్టే మీ మస్క్‌రాట్ కంప్యూటరు సిస్టమ్‌లో ఆరు వేల ప్రోగ్రాములున్నాయి. తీసిపారెయ్యడానికి నీకు తమ్ముడు రాసిందే దొరికిందా?

నలుగురూ చూసే మెయిల్ జాబితాలోనే జవాబు రాసేవాణ్ణి. కానీ అందులోంచి నన్ను ఆర్నెల్లు బయట పెట్టారు, నీకు తెలుసు. సెయింట్ జాన్ రేవులో ఆటుపోట్ల లెక్క మూడు నిమిషాలు ఎందుకు తేడా వస్తోందని ఒకాయన అడిగాడు. చెప్పాను. అది చెప్పాలంటే ఆ రేవులో లోర్న్ మావయ్య ఉప్పుచేపల పీపాలు ఎలా పోగొట్టుకున్నాడో చెప్పాలి కదా. అది చెప్పాలంటే ఆయన మొదటి పెళ్ళి సంగతి రావాలి. పదకొండు పేజీలే అయింది. అడిగినాయన ఏమీ అనలేదు. చదివినవాళ్ళే అన్నారు.

అసలు విషయానికి వస్తాను. రేవు షెడ్డులో నేను పెట్టిన ఆటుపోట్ల గడియారం మీ మస్క్‌రాట్ మీదే నడుస్తోంది. నువ్వు లైబ్రరీని తీసేస్తే గడియారానికి భద్రత సవరణలు రావు. అవి రాకపోతే ఇన్సూరెన్సువాళ్ళు ఒప్పుకోరు. అప్పుడు రేవు కమిటీ దాన్ని పీకేసి, బీరు కంపెనీ వాళ్ళు ఉచితంగా ఇస్తామంటున్న గడియారం తగిలిస్తుంది. దానిమీద ఈతదుస్తుల్లో ఒక దుప్పి బొమ్మ కూడా ఉంది. నలభై ఏళ్ళు టెలిఫోను స్తంభాలెక్కాను, ఒక్కడూ తలెత్తి చూడలేదు. ఇప్పుడు పొద్దున్నే ఇరవై రెండు పడవలవాళ్ళు నా గడియారం చూసి గానీ తాడు విప్పరు. ఈ ఊళ్ళో నాకు మిగిలింది అదొక్కటే అక్కా.

నీ నోటీసు సంగతి కమిటీ పెద్ద హెడ్లీ డెంటన్‌కి చెప్పక తప్పలేదు.

‘లైబ్రరీ ఏమిట్రా మధ్యలో? నువ్వు పుస్తకాలు కూడా పెట్టావా అందులో?’ అన్నాడు.

‘కాదు. మన రేవులో క్రేన్ ఒకటే కదా. ఇరవై రెండు పడవలకీ అదే. పడవకో క్రేన్ ఎవడూ బిగించుకోడు. ఈ లైబ్రరీ ఆ క్రేన్ లాంటిది. ఆటుపోట్ల లెక్క అది చేస్తుంది. ప్రోగ్రాములు పడవల్లాగా వచ్చి, వాడుకుని పోతాయి.’

‘బాగానే ఉందిగా. తప్పేమిటి?’

‘పడవ కట్టేటప్పుడే క్రేన్ ఎక్కడుందో అందులో రాసిపెట్టాలి. రేవులో ఉంది, చూసుకో అని రాస్తే చాలు. నేను మా పొగగది చిరునామా రాశాను.’

‘మీ పొగగదిలో క్రేన్ ఉందా?’

‘మా పొగగదిలో ఉంది.’

‘మరి మిగతావాళ్ళ పొగగదుల్లో?’

‘అదే తప్పంటున్నారు.’

హెడ్లీ టోపీ పెట్టుకున్నాడు. నా కంప్యూటరు ఉండేది నాన్న చేపలు పొగపెట్టిన గదిలో కాబట్టి ఫోల్డరుకి ఆ పేరు పెట్టానని చెప్పబోయాను. అప్పటికే వెళ్ళిపోయాడు.

ఒక్క లైను కోసం తమ్ముడి గడియారం పీకిస్తావా?

ఎల్వుడ్


మూస్ జా, సస్కాచువాన్
జనవరి 18

ఒరేయ్ ఎల్వుడ్,

ఇక్కడ మైనస్ ముప్పై ఎనిమిది. నీ ఉత్తరం చదవడానికి గ్లవ్స్ తియ్యాల్సి వచ్చింది. మీ బావ మెన్నో ఆ కవరుని చేత్తో తూచి, ‘మీవాడు క్షేమమే’ అన్నాడు.

నేనూ కాగితం మీదే రాస్తున్నాను. జాబితాలో రాసిన ప్రతి ముక్కా లోకం ఉన్నంతకాలం ఉంటుంది, ఎవరైనా వెతికి చదువుకోవచ్చు. నిన్ను గాడిద అనాలంటే కాగితమే మేలు. ముప్పై ఏళ్ళు రైల్వేలో బళ్ళు నడిపించినదాన్ని. ఏ బండి ఏ పట్టాల మీద ఉందో రాసిన కాగితం ఒకటి, అసలు బండి ఇంకొకటి అయితే ఏమవుతుందో నాకు తెలుసు. తమ్ముడి బండి అని సిగ్నల్ ఇవ్వను.

ఒక్క లైనే అంటున్నావు. ఆ ఒక్క లైను ఏం చేసిందో విను.

నీ గడియారాన్ని 2012లో మస్క్‌రాట్‌లోకి తెచ్చినాయన డెన్మార్క్‌లో పళ్ళ డాక్టరు. మంచి మనిషి. ప్రోగ్రామ్ ఎంత చేసినా నడవలేదట. చూస్తే అది ఎల్వుడ్ అనే మనిషి ఇంట్లో పొగగది కోసం వెతుకుతోంది. నీ లైను తీసేస్తే సరిపోయేది. ఆయన అలా చెయ్యలేదు. రాసినాయన ఏదో కారణంతోనే రాసుంటాడని గౌరవించాడు. గౌరవించి, ఈ గడియారం ఎవరు పెట్టుకున్నా వాళ్ళ కంప్యూటరులో ఎల్వుడ్ పేరున ఒక ఇల్లు, అందులో ఒక పొగగది, అందులో నీ లైబ్రరీ తయారయ్యేలా ఏర్పాటు చేశాడు. ఇంటికి యజమాని ఉండాలి కదా అని ఎల్వుడ్ అనే మనిషినీ సృష్టించాడు. ఆ తర్వాత నువ్వు పంపిన కొత్త వెర్షన్లు ఒక్కటీ తీసుకోలేదు. ఎందుకని అడిగితే, నొప్పి లేని పన్ను నేను ముట్టుకోను అన్నాడు.

దాని ఫలితం: నాలుగు వేల నూట ఆరు కంప్యూటర్లలో నువ్వు కాపురం ఉంటున్నావు. పొద్దున్న తెర వెలగగానే ఇంట్లోవాళ్ళ పేర్లతోపాటు నీ పేరూ కనిపిస్తుంది. అమెరికాలోని మైన్ రాష్ట్రం నుంచి వెర్నా అనే ఆవిడ పోయిన నెల రాసిన ఫిర్యాదు యథాతథంగా ఇస్తున్నాను: ‘మా కంప్యూటరులో నా పేరు, దాని కింద ఎల్వుడ్ అని ఉంది. ఎల్వుడ్ ఎవరని మా ఆయన చెస్టర్ అడిగాడు. నాకు తెలీదన్నాను. అందరూ అలాగే అంటారు అన్నాడు. నాలుగు రోజులుగా పడవలోనే పడుకుంటున్నాడు. ఎల్వుడ్‌ను తీసుకుపొండి.’

నువ్వు ఆ లైను ఎక్కడ నేర్చుకున్నావో నాకు అనవసరం. తియ్యి. తీసి, కొత్త వెర్షన్ విడుదల చెయ్యి. మార్చి 15 అంటే 15. ఆ తర్వాత తలుపులు మూసేస్తాం. నేను తెరవను.

అక్క


ట్రాస్క్ కోవ్
జనవరి 27

అక్కా,

నాలుగు వేల నూట ఆరు ఇళ్ళు! ఉత్తరం రెండుసార్లు చదివాను. మన ముత్తాత ట్రాస్క్ ఈ ఊరికి పేరు పెట్టించుకుని జీవితమంతా ఎంత మురిసిపోయాడో తెలుసుగా. ఆయనకి ఒక్క ఊరే. అలాస్కాలో ఎవరైనా ఉన్నారా? ఉంటే నా గది వెచ్చగానే ఉంటుందా? ఊరికే అడుగుతున్నాను.

చెస్టర్‌కి మాత్రం చెప్పించు, నాకు డెబ్బై రెండేళ్ళని, ఎడమ మోకాలు వంగదని.

లైను తీసేశాను. మూడే మూడు మాటలున్న లైను. వెర్షన్ 1.9 అని పేరుపెట్టి నిన్న విడుదల చేశాను. పళ్ళ డాక్టరు ముట్టుకోని పధ్నాలుగు మెరుగులూ ఇందులో ఉన్నాయి. పదకొండేళ్ళ కష్టం. నాకు బడిచదువు తొమ్మిదో తరగతి, మిగతాదంతా టెలిఫోను వ్యానులో భోజనాల వేళ చదువుకున్నదని నీకు తెలుసు. చందమామ కాస్త వంపుగా తిరగడం మూలాన వచ్చే తేడా ఒకటుంది. దానికే రెండు చలికాలాలు పట్టింది.

ఏటా ఒకటో రెండో మెరుగులు పెట్టి, రేవుకి వెళ్ళి, ‘ఈసారి ఫలానాది బాగుచేశాను’ అని చెప్పడం ఇక్కడ ఒక ఆనవాయితీ అయిపోయింది. హెడ్లీ రెండు వారాలు గడియారాన్నీ నీళ్ళనీ మార్చి మార్చి చూసి, ‘అవునురా, పోయినేటికంటే నయం’ అంటాడు. అన్న రోజు సాయంత్రం మా గుమ్మంలో ఒక డబ్బా లాబ్‌స్టర్లు ఉంటాయి. నేను అడగను. వాళ్ళు పెట్టకుండా ఉండరు.

1.9 ఇక్కడ చక్కగా నడుస్తోంది. మూడుసార్లు చూశాను. నోటీసు పీకెయ్యి.

నాలుగు వేల ఇళ్ళవాడు,
ఎల్వుడ్


మూస్ జా
ఫిబ్రవరి 5

ఒరేయ్ నాలుగు వేల ఇళ్ళవాడా,

నీ 1.9 ఇక్కడ నడవడం కాదు, లేచి కూర్చోనైనా లేదు.

నీ గడియారం మొదలవగానే లైబ్రరీని ‘మూన్‌పుల్’ అనే పని చేసిపెట్టమని అడుగుతుంది. అలాంటి పని నాకు తెలియదని లైబ్రరీ అంటుంది. ఇద్దరూ చచ్చిపోతారు. అంతే. చూస్తే, 2016లో నువ్వు లైబ్రరీలో ఆ పనికి పేరు మార్చావు. ‘లూనా’ అని పెట్టావు. ముచ్చటగానే ఉంది. గడియారంలో మాత్రం పాతపేరే ఉంచావు. అంటే క్రేన్ నడిపేవాడి పేరు మార్చి, పడవలవాళ్ళకి చెప్పలేదు.

నా ప్రశ్న అది కాదు. ఎనిమిదేళ్ళుగా ఈ రెండూ కలిసి ఒక్క నిమిషం కూడా నడిచే వీల్లేదు. మరి నీ దగ్గర చక్కగా ఎలా నడుస్తోందిరా?

ప్రోగ్రామ్ ఏ లైబ్రరీని ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటోందో చూపించే చిన్న కమాండ్ ఉంది. నాలుగు అక్షరాలు కూడా ఉండవు. నీకు నేనే నేర్పాను. అది కొట్టు. ఏం వచ్చిందో మార్చకుండా, వర్ణించకుండా, మావయ్యల్ని తీసుకురాకుండా రాయి.

ఇంకో ముప్పై తొమ్మిది రోజులే ఉన్నాయి.

అక్క


ట్రాస్క్ కోవ్
ఫిబ్రవరి 14

అక్కా,

కమాండ్ కొట్టాను.

పొగగది.

లైను తీసేసినా పొగగదేనా అని వెతికాను. నా కంప్యూటరు పొద్దున్నే లేవగానే చదువుకునే చీటీ ఒకటుంటుంది కదా, అందులో కూడా ‘ఏ లైబ్రరీ కావాలన్నా ముందు పొగగదిలో చూడు’ అని ఎప్పుడో రాసుకున్నాను. రాసి మర్చిపోయాను. పొగగది ఫోల్డరులో ఉన్న ఫైలు తేదీ 2011 డిసెంబరు 28.

అర్థమైందా? నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. ఏటా కొత్త మెరుగు పెట్టాను. కొత్త లైబ్రరీ తయారైంది. గడియారం దాని మొహం కూడా చూడలేదు. తిన్నగా పొగగదికి వెళ్ళి పాతదాన్నే తెచ్చుకుంది. రేవులో ఉన్నది కూడా నా చేత్తో మోసుకెళ్ళి పెట్టిన ఆ పాతదే. పధ్నాలుగు మెరుగుల్లో ఒక్కటి కూడా ఇంతవరకు ఒక్కసారైనా నడవలేదు. చందమామ వంపు కూడా.

సరే, ఇప్పుడైనా నడిపిద్దామని చీటీ చింపేశాను. ‘లూనా’ని మళ్ళీ ‘మూన్‌పుల్’ చేశాను. నా పదకొండేళ్ళ కష్టాన్ని మొట్టమొదటిసారి కళ్ళారా చూశాను.

ఇవాళ మధ్యాహ్నం ట్రాస్క్ కోవ్ రేవులో పోటు అరవై తొమ్మిది మీటర్లని చెప్పింది.

బాప్టిస్టు చర్చి గోపురం మునిగిపోయి, దానిమీద ఇంకా పడవ తిప్పుకునేంత లోతు మిగులుతుంది. అయినా కోటు వేసుకుని వెళ్ళి చూశాను. ఏమో! నీళ్ళు ఎప్పుడూ ఉండేచోటే ఉన్నాయి. ఒక సీగల్ పక్షి బురదలో నిలబడి నన్ను చూసింది.

కారణం దొరికింది. 2014లో అడుగుల్ని మీటర్లు చేసే లైనొకటి పెట్టాను, తిరగేసి పెట్టాను. 2017లో దాన్ని సరిదిద్దడానికి ఇంకోటి. 2019లో ఆ రెండిటికీ రాజీ కుదర్చడానికి మూడోది. ఆ మూడోదానికే హెడ్లీ ‘ఇప్పుడు కుదిరిందిరా’ అన్నాడు. ఆ సాయంత్రం రెండు డబ్బాల లాబ్‌స్టర్లు వచ్చాయి.

ఇంత సిగ్గు నేనొక్కణ్ణే మోద్దామనుకున్నాను. కానీ ఆ పాత ఫైలు పుట్టుపూర్వోత్తరాలు వెతుకుతూ పొగగది గోడ మీద చూస్తే, పాత కంప్యూటరు వెనకాల మేకుకి ఒక బింగో కార్డు వేలాడుతోంది. వెనకవైపు ఆ లైను రాసి ఉంది. మూడు మాటలూ అక్షరం పొల్లుపోకుండా. కింద ఆ చీటీలో రాసుకోవలసింది కూడా ఉంది. ఆ కింద: ‘ఇది పెట్టు, నడుస్తుంది. ఇంక నోర్మూసుకో.’

దస్తూరీ నాది కాదు. ‘క’ గొళ్ళెంలా, ‘ర’ గుర్రపునాడాలా రాసే మనిషి మన ఇంట్లో ఒకరే ఉన్నారు.

ఏమంటారు ఎ. వీబ్ గారూ?

ఎల్వుడ్


మూస్ జా
ఫిబ్రవరి 22

ఎల్వుడ్,

నేనే.

2011 క్రిస్మస్‌కి వచ్చాను, గుర్తుందా? నీ గడియారం నడవడం లేదని మూడు రోజులు ఇంట్లో ఎవరినీ తిననివ్వలేదు. లైబ్రరీ దొరకడం లేదని అంటోంది అక్కా, పక్కనే ఉంది కదా అక్కా అని నా వెనకే తిరిగావు. యాపిల్ పై చల్లారిపోతోంది. చేతికి దొరికిన కార్డు మీద ఆ లైను గీకి ఇచ్చాను. ఈ పూటకి గడిస్తే చాలు, రేపు సరిగ్గా చూపిస్తానులే అనుకున్నాను. మర్నాడు విమానం.

మొన్న నవంబరులో పళ్ళ డాక్టరు ఓపిక లేదని దిగిపోతుంటే, ఈ ప్యాకేజీ నేను చూస్తానని ముందుకొచ్చాను. తమ్ముడిది కదా అని. తెరిచాను. మొదటి పేజీలోనే నా లైను నన్ను చూసి నవ్వింది. నాలుగు వేల ఇళ్ళలో నిన్ను కాపురం పెట్టింది నేను. చెస్టర్‌ని పడవలో పడుకోబెట్టింది నేను. నోటీసు అంత కటువుగా ఎందుకు రాశానంటావా? అది నాకు నేను రాసుకున్నది. నీకు చెప్పాల్సింది, చెప్పలేదు. డెబ్బై ఆరేళ్ళలో నువ్వు తప్పు, నేను ఒప్పు అని అలవాటైపోయింది. మధ్యలో మార్చడం కష్టంగా ఉంది.

మెన్నోకి చెప్పాను. అరగంట నవ్వాడు. ఇంకా నవ్వుతున్నాడు.

సరే, ఇప్పుడు పని. నీ పధ్నాలుగు మెరుగులూ తీసెయ్యి. బాధే, తెలుసు. 2011లోని లైబ్రరీ ఒక్కటే బాగుంది. ఎందుకంటే దాన్ని అప్పట్నుంచి ఎవరూ ముట్టుకోలేదు. దాన్ని తీసుకో, నా లైను ఒక్కటి తీసెయ్యి, 2.0 అని పేరుపెట్టు, విడుదల చెయ్యి.

కానీ ఒకటి. ప్రతి మార్పుతోపాటూ ఏం మార్చాం, ఎందుకు మార్చాం, ఎవరి వల్ల అని ఒక మాట రాయాలి. నా వంతు రాసేశాను. ‘తప్పు చిరునామాను రాసిచ్చినది ఆర్డిత్ వీబ్, అనగా నేనే’ అని, నలుగురూ చూసే చోట, చెరగని విధంగా. నీ వంతు నువ్వు రాయాలి. మెరుగులన్నీ ఎందుకు తీసేశావో. ‘చిన్నాచితకా సవరణలు’ అని రాసి తప్పించుకుందామనుకుంటున్నావు, నాకు తెలుసు. అలా రాస్తే తీసుకోను. ఈ మాటలు మీ రేవు కమిటీ సెక్రటరీ చదువుతుందని కూడా నాకు తెలుసు. చదివితే గడియారం ఉంచుతారో పీకుతారో నాకు తెలీదు. రాయకపోతే మాత్రం 15న నేనే పీకుతాను.

అక్క


ట్రాస్క్ కోవ్
మార్చి 4

అక్కా,

రాశాను. ఎనిమిది చిత్తుప్రతులయ్యాయి. మొదటిది ఆరు పేజీలు, లోర్న్ మావయ్య కూడా వచ్చాడు. చివరిది ఇది:

‘2013 నుంచి 2023 దాకా చేసిన పధ్నాలుగు మెరుగులను తీసివేశాను. అవి ఎన్నడూ నడవలేదు. నడిపి చూస్తే చర్చి మునిగింది. ఎల్వుడ్ ట్రాస్క్.’

ఇది కమిటీ సెక్రటరీ చదివి హెడ్లీకి చెప్పేలోపు నేనే చెబుదామని రేవుకి వెళ్ళాను. గాలి ఎక్కువగా ఉండటంవల్ల పడవలు పోలేదు. అందరూ ఎరల షెడ్డులో టీ తాగుతున్నారు. నాకు కాస్త తక్కువమంది ఉంటే బాగుండేది. మొత్తం చెప్పాను. పొగగది, చీటీ, 2011, అరవై తొమ్మిది మీటర్లు.

హెడ్లీ కప్పు కింద పెట్టాడు.

‘అంటే ఇన్నేళ్ళూ నువ్వు ఏమీ చెయ్యలేదా?’

‘చేశాను హెడ్లీ. చేసింది జరగలేదు.’

‘పోయినేడు గాలి వత్తిడి ఏదో కలిపానన్నావే?’

‘కలిపాను.’

‘కలిస్తేనే కదరా నేను నయం అన్నది!’

‘నువ్వు అన్నావు. అది కలవలేదు.’

‘మరి మా లాబ్‌స్టర్లు?’

‘అవి మాత్రం జరిగాయి. తిన్నాను.’

వెనకాల ఎవరో టీ మింగబోయి దగ్గారు. హెడ్లీ లేచి, గడియారం దగ్గరికి వెళ్ళి, నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. చూస్తే అతని మెడ ఎర్రగా అయిపోయింది. నాకు ఒక్క క్షణం ఆ దుప్పి ఈతదుస్తుల్లో కళ్ళముందు కనిపించింది.

‘పన్నెండేళ్ళలో ఇది ఎప్పుడైనా తప్పు చెప్పిందా?’ అన్నాడు, నన్ను కాదు, గోడనే అడుగుతున్నట్టు.

‘లేదు,’ అన్నారు ఎవరో.

‘వీడు దాన్ని ముట్టుకుని ఉంటే?’

‘చర్చి పోయేది.’

‘అయితే ఒక తీర్మానం రాసుకోండి. గడియారం ఉంటుంది. ఎల్వుడ్ ఉంటాడు. ఎల్వుడ్ ఇకమీదట గడియారాన్ని బాగుచెయ్యకూడదు.’

అందరూ చేతులెత్తారు. నన్ను కూడా ఎత్తమన్నారు. ఎత్తాను. అది కమిటీ పుస్తకంలో ఎక్కింది. నాకు సంతోషించాలో ఏడవాలో తెలియక, ఇంకో కప్పు టీ తాగాను. హెడ్లీ మాత్రం నన్ను మూలకి పిలిచి, గొంతు తగ్గించి, ‘నేను ఏటా నయం అన్నానని నువ్వు ఆ నోటులో రాయలేదు కదా?’ అని అడిగాడు. రాయలేదన్నాను. ‘మంచి పని చేశావు’ అన్నాడు.

2.0 ఇవాళ మధ్యాహ్నం విడుదల చేశాను. ముందు పొగగది ఫోల్డరు మొత్తం తీసేసి, అప్పుడు నడిపి చూశాను. పోటు ఆరు మీటర్ల ముప్పై సెంటీమీటర్లు అంది. నాలుగు అక్షరాలు కూడా లేని నీ కమాండ్ ఐదుసార్లు కొట్టి చూశాను. ఐదుసార్లూ ఉండాల్సిన చోటి నుంచే తెచ్చుకుంది.

ఇంక నీ చేతిలో ఉంది.

ఎల్వుడ్


మూస్ జా
మార్చి 13

ఒరేయ్ తమ్ముడూ,

పదకొండున తీసుకున్నాను. మూడు రకాల కంప్యూటర్ల మీద కట్టి చూశాను. మూడింటి మీదా లేచింది, నడిచింది. నిన్న మస్క్‌రాట్ కొత్త విడుదలలోకి వెళ్ళిపోయింది. నోటీసు తీసేశాను.

నిన్న రాత్రి నుంచి నాలుగు వేల నూట ఆరు కంప్యూటర్లలో నిన్ను ఖాళీ చేయిస్తున్నాం. చాలావరకు గొడవ లేకుండా వెళ్ళిపోయావు. ఒంటారియోలో ఒకాయన మాత్రం ఎల్వుడ్‌ను పంపొద్దని రాశాడు. భార్య కంటపడకూడని మిఠాయి ఆర్డర్ల కాగితాలన్నీ ఆరేళ్ళుగా నీ పొగగదిలోనే దాచుకుంటున్నాడట. ఎవరూ తెరిచి చూడరు కదా అని. అలాంటి చోట్ల నిన్ను వదిలేశాం. మొత్తం పదిహేడు ఇళ్ళు మిగిలాయి. ముత్తాతకంటే ఇంకా నువ్వే ఎక్కువ.

నా మాట జాబితాలో చదివి పళ్ళ డాక్టరు రాశాడు. ఆ లైను వెనకాల ఏదో లోతైన కారణం ఉంటుందనే ఇన్నేళ్ళూ నమ్మాడట. యాపిల్ పై అని చెప్పాను. అదీ కారణమేనన్నాడు.

మెన్నో నవ్వడం మొన్న ఆపాడు.

అక్క


ట్రాస్క్ కోవ్
మార్చి 22

అక్కా,

ఇవాళ రేవు గడియారంలో 2.0 పెట్టాను. తీర్మానానికి విరుద్ధం కాకుండా హెడ్లీని పక్కన నిలబెట్టుకుని పెట్టాను. తెర నల్లగా అయ్యి, ఒక నిమిషానికి మళ్ళీ వెలిగింది. ‘ఏం మారింది?’ అన్నాడు. ఏమీ మారలేదన్నాను. పన్నెండు నలభైకి పోటు అని చూపించింది. ఇద్దరం పెట్టెల మీద కూర్చున్నాం. చలిగా ఉంది. లోర్న్ మావయ్య పీపాల సంగతి మొదలుపెట్టాను, సగం చెప్పాను.

పన్నెండు నలభైకి నీళ్ళు నిండి ఆగాయి. ఇక నీళ్ళు దిగుతాయి కనక హెడ్లీ తన పడవ తాడు ఒక చుట్టు వదులుచేసి, భోజనానికి ఇంటికి వెళ్ళాడు.

ఎల్వుడ్